ఏడో నట్టు

ఓల్ట్‌మన్స్ గారు పోయి నలభై ఏళ్ళు దాటింది. అయినా వారానికి ఒకసారైనా నా వీపు వెనక నిలబడి "గట్టిగా ఉందా?" అని అడుగుతారు. జామ్ సీసాకి మూత పెడుతుంటే అడుగుతారు. కుళాయి కట్టేస్తుంటే అడుగుతారు. మొన్న రొట్టెల కొట్టు దగ్గర వరసలో ఉండగా అడిగారు. "గట్టిగానే ఉందండీ" అని పైకే అనేశాను. నా ముందున్నావిడ తన సంచిలో రొట్టె నొక్కి చూసుకుని, "అవునమ్మా, నిన్నటిది అంటగట్టాడు వెధవ" అంది.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. చేపలవాళ్ళింట్లో పుట్టినదాన్ని. చచ్చినవాటి మధ్యే పెరిగాను, వాటిలో ఒక్కటీ లేచి రాలేదు. ఈయన మాత్రం వస్తారు. కోపంగా రారు, అదే నా ఖర్మ. బతికుండగా ఎలా అడిగేవారో అలాగే, మర్యాదగా, నా మాట మీద పూర్తి నమ్మకంతో అడుగుతారు. తిడితే బాగుండేది. నేనూ తిరిగి నాలుగు తిట్టి నా పని నేను చూసుకునేదాన్ని.

ఎందుకొస్తారో చెబుతాను. మధ్యలో అడ్డు తగలకండి, నాకు చిరాకు.

మా ఊరు గ్రాల్‌హాగెన్, బాల్టిక్ సముద్రం ఒడ్డున. యుద్ధానికి ముందు ఊరంతా పొగబెట్టిన చేపల వాసన. యుద్ధం వచ్చాక ఇంజన్ నూనె వాసన. రేవుకి అవతల ఇసక మైదానంలో బాంబర్ విమానాల ఫ్యాక్టరీ కట్టారు. నా మొగుడు డెట్లెఫ్ సముద్రంలో మందుపాతరలు ఏరే పడవలో పనిచేస్తూ నలభై ఒకటిలో పోయాడు. చేపల కొట్టు మూసేశారు. ఫ్యాక్టరీకి రమ్మని నాకు కాగితం వచ్చింది. ఆ రోజుల్లో రమ్మన్నారంటే రాను అనడానికి లేదు.

ఆ విమానం సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. బెర్లిన్‌లో పెద్దవాళ్ళు కూర్చుని ఒక విమానం కోరుకున్నారు. ఇంగ్లండ్ దాటి మహాసముద్రం మధ్యదాకా వెళ్ళాలి, నాలుగు ఇంజన్లుండాలి, ఇల్లంత ఉండాలి. సరే, బాగుంది. అంతటితో ఊరుకున్నారా? అది గద్దలా నిలువునా కిందికి దూకి మరీ బాంబు వెయ్యాలన్నారు. ఏనుగుని తెచ్చి తాడాట ఆడమన్నట్టు. నాలుగు ఇంజన్లు నాలుగుచోట్ల పెడితే దూకలేదని, రెండేసి ఇంజన్లని పక్కపక్కన అతికించి ఒక్కో పంకాకి కట్టారు. బయటికి చూస్తే రెండు, లోపల నాలుగు. అతికించిన రెండింటికీ మధ్య పిల్లి దూరే సందు లేదు. ఆ సందులోనే నూనె గొట్టాలు, వాటిని ఆనుకునే ఎర్రగా కాలే పొగగొట్టాలు. నూనె చుక్క అటు పడిందా, అంతే సంగతులు.

మొదటిసారి ఎగిరిన రోజే పావుగంట తిరక్కుండా ఇంజన్లు కాగిపోయి దింపేశారట. అప్పట్నుంచీ మార్పులే మార్పులు. దూకితే రెక్కలు విరుగుతున్నాయని రెక్కలకి బలం కట్టారు. బలం కడితే బరువు పెరిగింది. బరువు పెరిగిందని ఇంజన్లని ఇంకా గట్టిగా తిప్పారు, అవి ఇంకా కాగాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. అలాగే యుద్ధంలోకి తోసేశారు. స్టాలిన్‌గ్రాడ్‌లో చిక్కుకున్న మనవాళ్ళకి తిండి మోసుకెళ్ళమన్నారు. శత్రువు కూల్చినవాటికంటే వాటంతట అవి అంటుకుని కూలినవే ఎక్కువని తిరిగొచ్చిన మెకానిక్కులు చెప్పుకునేవాళ్ళు. కాగితాల మీద దానికేదో పురాణపక్షి పేరు. మేం మాత్రం 'కుంపటి' అనేవాళ్ళం, మేస్త్రీ వినకుండా.

ఆ సందులో నూనె గొట్టాల నట్లు బిగించడానికి మగవాళ్ళ చేతులు పట్టవు. అందుకని ఒకరోజు మేస్త్రీ డికోఫ్ ఇత్తడి కడియం ఒకటి పట్టుకొచ్చి, ఆడవాళ్ళందర్నీ వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి చేతికీ తొడిగి చూశాడు. మూడొందల మందిలో తొమ్మిదిమందికే మోచేతిదాకా ఎక్కింది. నాకైతే జారిపోయింది.

"ఇదివరకు ఏం చేసేదానివే?" అన్నాడు.

"చేపల పొట్టలు తీసేదాన్నండీ."

"ఇదీ అంతే. కళ్ళతో పనిలేదు, వేళ్ళతో చూసుకో" అన్నాడు.

నాకు దీపం పట్టడానికి పరాస్కని ఇచ్చారు. ఉక్రెయిన్ మనిషి, నాకంటే రెండేళ్ళు పెద్ద. వాళ్ళ ఊళ్ళో మంత్రసాని. ఒకనాడు సంతలో చుట్టుముట్టి లారీ ఎక్కించి తెచ్చారు. రొమ్ము మీద నీలంగుడ్డ ముక్క, తూర్పుదేశం మనిషని గుర్తు. అలాంటివాళ్ళతో మాట్లాడకూడదని గోడమీద నిబంధన రాసి ఉండేది. ఇద్దరు మనుషులు ఒకే సందు దగ్గర తలలు ఆనించి పది గంటలు పనిచేస్తూ మాట్లాడకుండా ఎలా ఉంటారు, మీరే చెప్పండి. మా భాషలో నేర్చుకున్న నాలుగు ముక్కలతోనే నన్ను ఏడిపించేది.

"మెల్లిగా చేపలమ్మా, మెల్లిగా. దూడ అడ్డం తిరిగింది" అనేది, నేను మోచేతిదాకా ఇంజన్‌లోకి దూర్చి అవస్థ పడుతుంటే.

"నువ్వు రా మరి, వచ్చి పురుడు పొయ్యి."

"నేను బిడ్డల్ని బయటికి లాగేదాన్ని తల్లీ. దయ్యాన్ని లోపలికి తొయ్యడం నాకు చేతకాదు."

పని ఎలా ఉండేదంటే, ఒక్కో ఇంజన్ల జంటకి పదకొండు నట్లు. ముందు అన్నిటినీ వేళ్ళతో రెండు మరలు పట్టించుకోవాలి. తరవాత చిటికెనవేలంత పానాతో ఒక్కోదానికి ఐదు చుట్లు. ఐదో చుట్టు దగ్గర అది ఆగిపోతుంది, ఇంక తిరగనంటుంది. ఏడో నట్టు గొట్టం వంపు వెనక ఉంటుంది, పాపిష్ఠిది. దాన్ని ఎప్పుడూ ఆఖరుకి ఉంచుకునేదాన్ని. అన్నీ అయ్యాక పక్క రేకు మీద సుద్దముక్కతో అడ్డగీత, నిలువుగీత గీస్తే అయిపోయిందని గుర్తు. అది చూసి తరవాతివాళ్ళు రేకు మూసేస్తారు.

కానీ లోపల్నుంచి తీసిన చెయ్యంతా నూనె. సుద్ద పట్టుకుంటే జారుతుంది, గీస్తే గీత పడదు. తుడుచుకుని, ఇసక సబ్బుతో కడుక్కుని వచ్చి గీసేసరికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలకి డికోఫ్ నోరు పెట్టుకునేవాడు. అందుకని మేం తొమ్మిదిమందిమీ ఒక కిటుకు కనిపెట్టాం. చెయ్యి శుభ్రంగా ఉండగానే ముందుగా గీత గీసేసి, అప్పుడు లోపల పెట్టేవాళ్ళం. ఎలాగూ పూర్తిచేస్తాం కదా. మొదలుపెట్టిన పని సగంలో వదిలేసే జాతా మాది? అలా ఏడాదిపాటు ఒక్క పొరపాటూ జరగలేదు.

ఇక ఓల్ట్‌మన్స్ గారు. తనిఖీ ఆయన పని. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, అదివరకు ఓడల గడియారాలు బాగుచేసేవారు. కంటితో చూడందే ముద్ర వెయ్యని రకం. ఈ సందులోకి ఆయన కన్నూ పోదు, చెయ్యీ పోదు. ఆ దిగులుతో మొదట్లో తిండి సహించలేదని వాళ్ళావిడ చెప్పింది. చివరికి ఒక దారి వెతుక్కున్నారు. ముద్ర వేసేముందు నన్ను వెతుక్కుంటూ వచ్చి "గట్టిగా ఉందా?" అనేవారు. "గట్టిగా ఉంది" అనేదాన్ని. అప్పుడు ముద్ర. వేరేవాళ్ళ ముందు కూడా చెప్పేవారు, "ఆ పిల్ల ఉందంటే ఉన్నట్టే" అని.

మా ఫ్యాక్టరీలో ఇంకో రివాజుండేది. ముద్ర వేసినవాడు ఆ విమానం మొదటిసారి ఎగిరేటప్పుడు అందులో కూర్చోవాలి. ఎవడు పెట్టాడో గాని బాగానే పెట్టాడు. ఓల్ట్‌మన్స్ గారికి ఎత్తంటే కడుపులో తిప్పుతుంది. ఎక్కేముందు ఎండు రస్కు ఒకటి నమిలి, టోపీ జేబులో కుక్కుకుని, ఉరికంబం ఎక్కేవాడిలా ఎక్కేవారు. అలా పంతొమ్మిదిసార్లు ఎక్కారు, నా మాట మీద.

నలభై మూడు సెప్టెంబరు. గురువారం, పొద్దున పదకొండు. కొత్త విమానం, ఎడమ జంట. గీత గీశాను. చెయ్యి పెట్టాను. పది నట్లు బిగించాను, అది నాకు తెలుసు. పానా ఏడోదాని మీదికి తెచ్చాను, అదీ తెలుసు. సైరన్ మోగింది.

"లాగు చెయ్యి! లాగు!" అని పరాస్క నా భుజం పట్టుకుని లాగింది. మోచెయ్యి గీరుకుని రక్తం వచ్చింది. మేం కాంక్రీటు గదిలోకి పరిగెత్తాం. పరాస్కవాళ్ళకి గది లేదు, బయట కందకంలో పడుకోవాలి. బాంబులు మామీద పడలేదు, పక్క ఊరిమీద పడ్డాయి. రెండు గంటలు కూర్చున్నాం. కూర్చున్నంతసేపూ ఏడుస్తున్న కొత్తపిల్లల్ని సముదాయిస్తూ, మోచెయ్యి నాక్కుంటూ, నట్టు సంగతే తలుచుకోలేదు. అదీ నా తెలివి.

తిరిగొచ్చేసరికి రేకు మూసేసి ఉంది, చుట్టూ స్క్రూలు కూడా బిగించేసి.

"ఎవరు మూశారు?" అన్నాను.

"నేనే" అంది పరాస్క. "మమ్మల్ని ముందుగా లోపలికి తోలారు. మేస్త్రీ తొందరపెట్టాడు. నీ గీత ఉందిగా?"

ఉంది. తెల్లగా, చక్కగా ఉంది.

తిప్పానా? ఐదు చుట్లు తిప్పేశాక సైరన్ మోగిందా, తిప్పబోతుంటే మోగిందా? ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. వేలికి తెలియాలి, వేలు కూడా చెప్పలేదు. రోజూ చేసే పని అంతే. పొద్దున తలుపుకి తాళం వేశామో లేదో దారిలో గుర్తుంటుందా ఎవరికైనా?

సాయంత్రం ఇంజన్లని నేలమీద నిలబెట్టి తిప్పారు. ఎడమ జంట కింద పెట్టిన పళ్ళెంలో అరచెయ్యంత నూనె చేరింది. డికోఫ్ అది చూసి, "కుంపటి కారకపోతేనే అనుమానించాలి" అన్నాడు. ఆ పేరు ఆయనకీ తెలుసన్నమాట.

ధైర్యం తెచ్చుకుని వెనకే వెళ్ళాను. "మేస్త్రీగారూ, ఆ ఎడమ జంట ఒకసారి తెరిచి చూసుకుంటే..."

"ఎందుకూ?"

"ఊరికే. మనసులో ఏదో..."

"రేకుమీద రెక్క తొడుగు బిగించేశారు, ఇప్పుడు తెరవాలంటే ఇంజన్ దింపాలి. మూడ్రోజులు. రేపు పొద్దున ఎగరాలి అది. నీ మనసుకోసం మూడ్రోజులు ఆపమని బెర్లిన్‌కి తంతి కొట్టనా?" అని, ఉన్నట్టుండి గొంతు తగ్గించాడు. "ఆగు. రేకు మూసింది ఎవరు? ఆ తూర్పుది కదూ? దానిమీద ఏమైనా అనుమానమా? చెప్పు, ఇప్పుడే కాపలావాళ్ళకి అప్పగిస్తాను."

రెండువారాల కిందటే గేటు దగ్గర ఒక పోలండు మనిషిని ఉరితీశారు. చెప్పు కుట్టుకోవడానికి యంత్రం బెల్టులో జానెడు తోలు కోసుకున్నాడు. అందర్నీ పిలిచి నిలబెట్టి చూపించారు. 

"అబ్బే, అదేం లేదండీ" అన్నాను. "నా చాదస్తం."

పరాస్క కోసమే నోరు మూసుకున్నాను. ఇంటికి నడుస్తూ దారంతా అదే అనుకున్నాను.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఓల్ట్‌మన్స్ గారు వచ్చారు. చేతిలో ముద్ర, సిరాదిండు, కాగితంలో చుట్టిన రస్కు.

"వీబ్కె తల్లీ, ఎడమ జంట నీదే కదా?"

"నాదేనండీ."

"గట్టిగా ఉందా?"

ఆయనకి చెప్పచ్చు కదా అంటారు. చెప్పచ్చు. చెబితే ఆయన ముద్ర వెయ్యరు. ఎందుకు వెయ్యలేదో రాయాలి. ఆ మనిషికి అబద్ధం రాయడం రాదు. గీత ముందే గీశానని రాస్తారు, మూసింది ఫలానా పరాస్క అని రాస్తారు, సంతకం పెట్టి, తేదీ వేసి, పైకి పంపుతారు. పంపి, ఇంటికెళ్ళి బాధతో తిండి మానేస్తారు. ఒకవేళ తిప్పే ఉన్నానేమో. తిప్పే ఉంటాను. ఏడాదిలో ఎప్పుడైనా తప్పానా?

"గట్టిగా ఉంది" అన్నాను.

ముద్ర వేశారు. వేసి నా మొహంలోకి చూశారు. "ఏమలా వాడిపోయావ్? మళ్ళీ ఆ పశువుల దుంపల చారేనా నిన్న?" అని రస్కు విరిచి సగం నా చేతిలో పెట్టారు. "తిను. పైకెళ్ళేది నేనూ, మొహం పాలిపోయింది నీకూనూ."

ఆయన ఎదురుగానే తిన్నాను. ఆ ముక్క ఎలా మింగుడుపడిందో నాకిప్పటికీ తెలీదు.

ఎనిమిదీ నలభైకి లేచింది. లోపల ఆరుగురు. షెడ్డు గుమ్మంలో నిలబడి చూశాను, పరాస్క నా పక్కన. రేవు మీదుగా చక్కగా వెళ్ళింది, మలుపు తిరిగింది. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు ఎడమవైపు తెల్లటి పొగ పోగొకటి కనిపించింది, దారం వదిలినట్టు. చూస్తుండగానే అది నల్లబడింది. ఎవరో "ఆర్పే మందు వదిలాడు, ఆరిపోతుంది" అన్నారు. ఆరలేదు. వెనక్కి తిరగాలని చూశాడు పైలట్. రెక్క వంగింది. ఇసక తిన్నె దగ్గర నీళ్ళలో పడింది. పడ్డాక ఎంతోసేపటికిగాని చప్పుడు మాదాకా రాలేదు.

పరాస్క శిలువ గుర్తు వేసుకుంది. నేనే చంపాను, నేనే చంపాను అని నా లోపల ఒకటే పాట. పైకి మాత్రం అందరిలాగే ఏడ్చాను.

నాలుగోరోజుకి శిథిలాన్ని బల్లకట్టు మీద తెచ్చి షెడ్డులో పడేశారు. లోతు లేనిచోట పడిందని, నీళ్ళు మంటని ఆర్పేశాయని, రేకులు ఊడినా ఎడమ జంట దాదాపు అలాగే ఉంది. నాచు చుట్టుకుని, మసిబారి, మెలిదిరిగి పడుంది. దాని దగ్గరికి ఎవరూ ఊరికే వెళ్ళేవాళ్ళు కాదు. వెళ్ళినవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. నా చెవిలో ఓల్ట్‌మన్స్ గారు అడగడం ఆ రోజే మొదలైంది. మొదటిసారి వెనక్కి తిరిగి చూశాను కూడా. బకెట్టు తప్ప ఎవరూ లేరు.

బెర్లిన్ నుంచి ఒక మేజరు వచ్చాడు. అలసిపోయిన మనిషి, చెడ్డవాడేం కాదు. బయట మైదానంలో నలభై రెండు కుంపట్లు వరసగా నిలబడి ఉన్నాయి, రెక్కల కింద పసుపుపచ్చ పట్టీలు వేసి, మర్నాడు వెళ్ళడానికి సిద్ధంగా. పసుపు పట్టీ అంటే తూర్పు యుద్ధానికని అందరికీ తెలుసు.

"మధ్యలో నట్లు చూడాలి" అన్నాడు మేజరు. "వదులుగా ఉన్నాయా, గట్టిగా ఉన్నాయా? అదొక్కటీ తేలాలి."

"రంపంతో కోసి చూడాలంటే రెండ్రోజులండీ" అన్నాడు డికోఫ్. "చెయ్యి పెట్టి చూసేవాళ్ళున్నారు. వీబ్కె, ఇటు రా."

ఆ నట్లు బిగించింది నేనే అని మేజరుకి చెప్పలేదు. చెబితే తన మెడకీ చుట్టుకుంటుంది కదా. నా కళ్ళలోకి మాత్రం గట్టిగా చూశాడు.

పానా తీసుకున్నాను. పరాస్క దీపం పట్టింది. చెయ్యి లోపలికి పోనిచ్చాను. చల్లగా ఉంటుందనుకున్నాను. వెచ్చగా ఉంది. నాలుగు రోజులు సముద్రంలో నానింది వెచ్చగా ఉండటమేంటి? ఇప్పటికీ నా కుడిచేతిని ఆ వేడి వదల్లేదు. డాక్టరు రక్తపోటంటాడు, వాడి మొహం.

"ఒకటి?" అన్నాడు మేజరు.

పానా వేసి తిప్పి చూశాను. కదల్లేదు. "గట్టిగా ఉంది."

రెండు. మూడు. ఆరుదాకా గట్టిగా ఉన్నాయి. వంపు వెనక్కి వేళ్ళు పోనిచ్చాను.

పానా తిరిగింది.

ఇంజన్ అదురుకి వదులైన నట్టు పావు చుట్టు తిరుగుతుంది, మహా అయితే అర చుట్టు. అది కావాలి నాకు. దేవుడా, అరచుట్టు దగ్గర ఆగేలా చెయ్యి అని వేడుకున్నాను. ఒక చుట్టు తిరిగింది. ఆగలేదు. నా చెయ్యి ఆగలేదు అనాలి నిజానికి. ఆపి, చెయ్యి బయటికి తీసి, "ఇది వదులుగా ఉందండీ" అనాల్సింది. రెండో చుట్టు.

"ఏమిటంతసేపు?"

"ఇసక పట్టిందండీ. తుడుస్తున్నాను."

మూడు. మరల్లో ఇసక కరకరమంది, అందరికీ వినిపించిందనుకున్నాను. నాలుగు. చెమట కళ్ళలోకి కారింది. దీపం మాత్రం ఒక్క రవ్వ కదల్లేదు. ఐదు. అక్కడ ఆగింది, బుద్ధిగా, కొత్తదానిలా.

"గట్టిగా ఉంది" అన్నాను.

మిగతా నాలుగూ గట్టిగానే ఉన్నాయి. చెయ్యి బయటికి తీశాను. మేజరు కాగితం మీద ఏదో రాసి, సంతకం పెట్టి, ఊపిరి వదిలాడు.

"బతికించావమ్మా" అన్నాడు. "ఒక్కటి వదులుగా ఉందని తేలినా, మైదానంలో ఉన్నవన్నీ ఆపి, ఒక్కోదాన్నీ తెరిచి చూడమని నాకు ఆర్డరు. నలభై రెండు విమానాలు. చలికాలం దాటిపోయేది."

పైలట్ మలుపు తప్పు తిప్పాడని రాసి మూసేశారు. ముద్ర సరైనదేనని తేలింది కాబట్టి ఓల్ట్‌మన్స్ గారి భార్యకి పెన్షన్ వచ్చింది. అదొక్కటి మంచి జరిగిందని నన్ను నేను ఓదార్చుకోవడానికి చాలా ఏళ్ళు పనికొచ్చింది. ఆ నలభై రెండింటిలో ఎన్ని దారిలో అంటుకున్నాయో, ఎన్ని రష్యా రైల్వేస్టేషన్ల మీద బాంబులు పోసి వచ్చాయో నాకు లెక్క తెలీదు. ఏడాది తిరిగేసరికి మిగిలినవాటికి పెట్రోలు లేక గడ్డిలో నిలబెట్టేశారు. తరవాత రేకులూడబీకి తూకానికి వేశారు. అంత హడావిడీ దానికోసం.

మేజరు సంతకం పెట్టిన మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఆ నలభై రెండూ మూడేసి చొప్పున లేవడం మొదలుపెట్టాయి. షెడ్డు గోడలు అదిరాయి. నేనూ పరాస్కా గుమ్మంలో నిలబడ్డాం. ఆ చప్పుడులో పక్కవాళ్ళకి మన మాట వినబడదు.

"ఎన్ని చుట్లు?" అంది నావైపు చూడకుండా.

"అరచుట్టు" అన్నాను. "అదురుకి వదులై ఉంటుంది."

"దీపం పట్టింది నేను. నీ మోచేతి నరం ఐదుసార్లు లేచి పడింది."

ఇంకో మూడు లేచాయి. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "అయితే ఏం చెయ్యమంటావే నన్ను? వదులుగా ఉందంటే రేకు మూసింది ఎవరని అడిగేవాళ్ళు కాదూ? ఆ గేటు దగ్గర నిన్ను వేలాడదీసేవాళ్ళు. నీకోసమేనే నేను..."

"ఆ పసుపు పట్టీలు చూశావా?" అంది పరాస్క. అరవలేదు. పురిటిమంచం దగ్గర మాట్లాడినట్టు నెమ్మదిగా అంది. "మా ఊళ్ళో నేను నూట పన్నెండుమందికి పురుళ్ళు పోశాను. వాళ్ళమీదికి వెళ్తున్నాయి ఇవి. నిన్న నువ్వు ఒక్క మాట అంటే చలికాలమంతా ఇక్కడే పడుండేవి. నన్ను ఉరి తీసేవాళ్ళు, నిజమే. నిన్నూ తీసేవాళ్ళు. భయమేసింది నీకు. భయమెయ్యడం తప్పని నేననను, నాకూ వేసింది. దీపం పట్టుకుని నేనూ నోరు మూసుకున్నాను. కానీ నాకోసమని మాత్రం అనకు."

అది నిజం. నా మెడకోసం చేశాను, ఆవిడ పేరు చెప్పుకున్నాను.

డికోఫ్ లోపల్నుంచి కేకేశాడు. కొత్త జంట వచ్చింది, పదకొండు నట్లు. పరాస్క దీపం అందుకుని ముందు నడిచింది. యుద్ధం ముగిసేదాకా ఏడాదిన్నర రోజూ నా భుజానికి భుజం ఆనించి దీపం పట్టింది, నాతో ఒక్క మాట మాట్లాడలేదు.